పసివాని మరణం – పెద్దల దోషం

హైదరాబాదు శివారున మీర్‌పేట్ వంటి కాలనీలలో ఇంటి ముంగిటనే నేలలో నీటి సంపు ఉంటుంది. మూత తీసి బిందెడు నీళ్ళు తోడి, లోపల పెట్టి వచ్చే వ్యవధి పాకే బిడ్డకు చాలు. మునిగే పసివాడు కేక వేయలేడు. ఆపై బంధువులందరి నోటా ఒకటే ప్రశ్న: “తల్లి ఏమి చేస్తున్నది?”

ఇట్టి దుఃఖం భక్తుల చరిత్రలలోనూ ఉన్నది. మహారాష్ట్రమందలి తేర్ గ్రామవాసి, పదమూడవ శతాబ్దపు పాండురంగభక్తుడు గోరా కుంభారుని కథను 1977లో వచ్చిన ‘చక్రధారి’ చిత్రంలో తెలుగువారు చూచియే ఉందురు. భార్య బిడ్డను అతనికప్పగించి నీళ్ళకు వెళ్ళినది. విఠలనామంలో మైమరచి మట్టి త్రొక్కుచున్న గోరా, పాకుతూ వచ్చిన బిడ్డను గమనింపలేదు. బిడ్డ ఆ మట్టిలోనే కలిసిపోయినాడు. అంతటి భక్తియు అతని పరాకును మాపలేదు. భార్య నిందించిన మాటలను కథ దాచనూ లేదు. పరాకు నాడు తండ్రిది కావడం గమనింపదగినది.

కథలో పాండురంగడు బిడ్డను తిరిగి ఇచ్చినాడు. మన ఇళ్ళలో అట్లు జరుగదు. కనుకనే నింద వేయుటలో ఇంకొంత జాగ్రత్త అవసరం. పరాకు దోషమే, కాని ద్రోహం కాదు. చట్టం సైతం నిర్లక్ష్యాన్ని, హత్యను వేరుగానే చూచుచున్నది. యశోద కృష్ణుని ఱోటికి కట్టి ఇంటిపనిలో ఉండగా మద్దిచెట్లు కూలినవి. పరుగున వచ్చిన నందుడు ముందు బిడ్డ కట్లు విప్పినాడు. బిడ్డ క్షేమంగా ఉన్నాడు గదా, నవ్వగలిగినాడు అనవచ్చు. నిజమే. అయినను ఆ తల్లిని పదిమందిలో నిలబెట్టలేదు.

సంపు మూతకు గొళ్ళెం పెట్టించని తండ్రినిగాని, వసారాలో కూర్చున్న పెద్దలనుగాని ఎవరూ ఏమీ అడుగరు. పరామర్శకు వచ్చినవారు వెళ్ళిపోయిన మరునాడు ఆ సంపు అక్కడనే ఉంటుంది. ప్రక్కవాటాలో మరొక బిడ్డ పాకుచుండును.