తెరమీది ఎరుపు, నేలమీది చెరువు

దూరసంవేదన శాస్త్రాన్నీ, పటరచననూ స్నాతకోత్తర స్థాయిలో బోధించే విద్యాసంస్థలు తమ ప్రయోగశాల గురించి చెప్పేటప్పుడు కంప్యూటర్లు ఎన్ని, సాఫ్ట్‌వేరు లైసెన్సులు ఎన్ని, పెద్ద పటాలను ముద్రించే ప్లాటరు ఉందా లేదా అని లెక్క చెబుతాయి. అయితే ఆ తెర ముందు కూర్చున్న విద్యార్థికి కలిగే జ్ఞానం ఏ జాతికి చెందినదన్న ప్రశ్న ఈ లెక్కలన్నిటికంటే ముందు తేలవలసినది.

న్యాయదర్శనం యథార్థజ్ఞానానికి నాలుగు సాధనాలను, అంటే ప్రమాణాలను, ఒప్పుకుంటుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఇంద్రియానికీ వస్తువుకూ కలిగే సంబంధం వల్ల పుట్టే జ్ఞానం ప్రత్యక్షం కాగా, పొగను చూసి నిప్పును గ్రహించినట్టు ఒక గుర్తు ద్వారా మరొకదాన్ని తెలుసుకోవడం అనుమానం. ఉపగ్రహ చిత్రంలో విద్యార్థి కంటికి తగిలేది తెర వెలుగే తప్ప పొలం కాదు. లాండ్‌శాట్ ఉపగ్రహాల బహువర్ణ చిత్రంలో ఒక్కొక్క చుక్క నేలమీద 30 మీటర్ల చదరపు గడికి సమానం. ఆ గడి నుంచి తిరిగివచ్చిన సమీప పరారుణ కాంతిని కన్ను చూడలేదు గనుక దానికి ఎరుపు రంగు తొడుగుతారు, పచ్చని ఆకు ఆ కాంతిని బాగా తిప్పికొడుతుంది గనుక పైరు ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ ఎరుపును చూసి పైరు అనడం అచ్చమైన అనుమానం.

అనుమానానికి ప్రాణం వ్యాప్తి, అంటే గుర్తు ఉన్నచోటల్లా వస్తువు ఉండి తీరుతుందన్న నియమం. హైదరాబాదు చెరువుల్లో గుర్రపుడెక్క నీటిని కప్పేసినప్పుడు ఆ నియమం చెదురుతుంది. నడిచి వెళ్లి చూస్తే కాలు దిగబడే నీరు, తెరమీద మాత్రం వరిమడిలాంటి నిండు ఎరుపు. కొండనీడా లోతైన నీరూ రెండూ నల్లగానే పడతాయి. సాధించవలసిన వస్తువు లేనిచోట కూడా కనిపించే ఇలాంటి గుర్తును తార్కికులు సవ్యభిచారమన్నారు. తర్కసంగ్రహంలో అన్నంభట్టు దాన్ని హేత్వాభాసాలలో, అంటే గుర్తులా కనిపించి మోసం చేసే వాటిలో, మొదట చేర్చాడు. ఎంత వేగమైన యంత్రమైనా అదే తప్పును మరింత వేగంగా చేయగలదు గాని దాన్ని తనంతట తాను దిద్దుకోలేదు.

అందువల్ల చెరువుగట్టు దాకా తీసుకెళ్లే జీపు, చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం, రెండు రోజుల క్షేత్రపర్యటనకు ఖర్చు, ఇవన్నీ ప్రయోగశాలలో భాగమే. వీటిని విహారయాత్ర పద్దు కింద రాసి కోత పెట్టడం విద్యకే అన్యాయం. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఇంటి కంప్యూటరులోనే నడుస్తున్న ఈ కాలంలో, విద్యార్థి సొంతంగా సమకూర్చుకోలేనిది గట్టు మీద పక్కన నిలబడి తప్పు చూపించే గురువునే.

ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం, ఉపగ్రహ సంకేతాలను అందుకునే షాద్‌నగర్ యాంటెన్నాలు ఉన్న ఈ ప్రాంతంలో కూడా ఒక విషయం ఆకాశం నుంచి ఎప్పటికీ దిగిరాదు: పేరు. చెరువు విస్తీర్ణాన్ని యంత్రం కొలుస్తుంది, పేరును మాత్రం ఊరివాళ్లు చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పేవాడిని తార్కికులు ఆప్తుడన్నారు, అతని మాటే శబ్దప్రమాణం. గట్టుమీద గేదెలు కాచుకునే మనిషిని ఎవరో ఒకరు వెళ్లి అడిగేదాకా పటం వెనుక ఉండే పట్టికలో పేరు రాయవలసిన గడి ఖాళీగానే ఉంటుంది.