చిలుక తీసిన కార్డు, మనము తీసిన కార్డు

సోలాపూరు కుంఠా నాకా నుండి వ్రాయుచున్నాము. ఈ మాసము మేము వ్రాయు సంగతి కొందరికి చిన్నదిగా కనబడవచ్చును. మా పేటలో అది ఒక యింటిని రెండుగా చీల్చినంత పని చేసినది.

మా సహోదరులలో ఒకాయన కార్ఖానాలో కూలికి సాంచాలు నడుపుకొనువాడు. సొంతముగా రెండు పాత సాంచాలు కొనుక్కొనవలెనని ఆయన ఆశ. టవెళ్లకు గిరాకీ ఉండునా, నూలు ధర నిలుచునా, అప్పు తీరునా అని చాల దినములు నిద్ర లేక తిరిగెను. తుదకు ఒక స్నేహితుని మాట విని, ఫోనులో టారో కార్డులు చూచి చెప్పు ఒకామెకు రుసుము పంపి అడిగెను. ఆమె మూడు కార్డులు తీసి, మొదట కష్టము, తరువాత లాభము, దగ్గరివాడొకనితో జాగ్రత్త అని చెప్పెను. ఆ దగ్గరివాడెవడా అని ఆలోచించి ఆలోచించి, ఆయన తన బావమరిదిని అనుమానింపసాగెను. అప్పుకు జామీను నిలుచుటకు ఒప్పుకొన్నది ఆ బావమరిదియే. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు నిలిచిపోయినవి.

ఈ కార్డులు ఎక్కడివి? 15వ శతాబ్దములో ఇటలీ ఉత్తర భాగమున ఆట కొరకు పుట్టిన పేక ముక్కలివి. సుమారు మూడు వందల ఏండ్లు ముఖ్యముగా ఆటకే వాడబడెను. 18వ శతాబ్దము చివర ఫ్రాన్సులో కొందరు, ఇది ఐగుప్తీయుల ప్రాచీన జ్ఞానమని చెప్పి, జోస్యమునకు విరివిగా వాడసాగిరి. ఐగుప్తుతో వాటికి సంబంధమే లేదు. నేడు ఎక్కువగా కనబడు కట్ట 1909లో లండనులో అచ్చయినది. దాని బొమ్మలు గీసినది పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి. కట్టలో 78 కార్డులుండును. వాటిలో నాణెము గుర్తు గల 14 కార్డులను ధనమునకు, వ్యాపారమునకు చూతురు. కార్డు తలక్రిందుగా పడిన అర్థము మారునందురు. మరణము అను కార్డు పడినను మరణమని చెప్పరు, మార్పు అందురు. ఏ వ్యాపారములో మార్పు రాదు? ఏ నేతగాని యింట మొదట కష్టము లేదు? ఎవరికి చెప్పినను సరిపోవు మాటను డబ్బిచ్చి కొనుచున్నాము.

మన పెద్దలకు ఇది క్రొత్త కాదు. సంతలో చిలుక పంజరము నుండి బయటికి వచ్చి, ముక్కుతో కార్డు లాగి, గింజ తిని, తిరిగి లోపలికి పోవుట వారు చూచినదే. చిలుకకు నూలు ధర తెలియదు, గింజ తెలియును. టారో చదువుకొన్నవారి చిలుక, అంతే.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరచి చూడుడి. ఫిలిప్పీ పట్టణమున ఇద్దరు స్త్రీలు కనబడుదురు. ఒకతె సోదె చెప్పు దాసి. మరియొకతె లూదియ, తుయతైర ఊరి వ్యాపారస్థురాలు. మన బైబిలులో ఊదారంగు పొడి అని యున్నది. ఆ రంగు వేసిన బట్టలు అమ్మెడిదని చెప్పువారును కలరు. ఏదైనను మన వృత్తికి చుట్టమే. సోదె అడిగినవారి వ్యాపారము బాగుపడెనో లేదో లూకా వ్రాయలేదు. సోదె చెప్పించిన యజమానులకు మాత్రము బహు లాభము కలిగెనని వ్రాసెను. పౌలు ఆ దాసిని విడిపింపగానే వారు మొదట చూచుకొన్నది తమ లాభము పోయెననియే. అదే పట్టణములో వ్యాపారము చేసికొను లూదియ ఎక్కడికి పోయినది? నదియొద్ద ప్రార్థన జరుగు చోటికి.

ఇంతవరకు వ్రాయుట మాకు సులభము. ఇక కష్టమైన భాగము.

ఆ సహోదరుని పెద్దల కూటమునకు పిలిచి మందలించితిమి. ఆయన తల వంచుకొని విని, చివరకు ఇట్లనెను: "అయ్యగారూ, ఆమె మూడు కార్డులు తీసింది. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి మీరు నాతోని ఒక కార్డు తీపిచ్చిండ్రు. ఫరకేంది?"

మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ఆయనకు వచ్చిన వాగ్దాన కార్డులో చేతిపనుల ఆశీర్వాదమును గూర్చిన వచనముండెను. "ఈ సంవత్సరము నీకు సాంచాలు వచ్చును, సహోదరుడా" అని భుజము తట్టినవారిలో మేమును ఉంటిమి. అదే రాత్రి బీడీలు చుట్టు ఒక సహోదరి తనకు శ్రమలను గూర్చిన వచనము వచ్చెనని కన్నీళ్లతో కార్డు మార్చుకొన్నది. మేము చూచి నవ్వి ఊరకుంటిమి.

కార్డు మీది వచనము దేవునిదే, సందేహము లేదు. కాని ఇశ్రాయేలు జనమంతటితో, విధేయతను గూర్చి, చెప్పబడిన మాటను కత్తిరించి, ఒకని అప్పుకు జవాబుగా చేసినది మేము. అపొస్తలులు మత్తీయ కొరకు చీట్లు వేయలేదా అని ఒకరు అడిగిరి. వేసిరి, 1వ అధ్యాయములో. 2వ అధ్యాయములో పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత సంఘము మరల చీట్లు వేసినట్లు ఆ గ్రంథములో కనబడదు.

ఒంగోలు చరిత్ర మనకందరికి తెలిసినదే. 1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపించిరి. బాప్తిస్మము కోరి ఎందరు వచ్చినను ఆ సహాయ కాలములో ఇయ్యలేదు. కూలి కొరకు వచ్చుచున్నారో, క్రీస్తు కొరకు వచ్చుచున్నారో తేలవలెనని ఆగిరి. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లాభమును విశ్వాసమునకు ఎరగా వేయుటకు ఆయన అంతగా భయపడిరి. మేము భయపడలేదు.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు లూకా 14లో చెప్పెను. కనుక మరుసటి ఆదివారము ఆరాధన తరువాత మేమును కూర్చుంటిమి. కార్ఖానా నడిపి నష్టపడిన ఒక పెద్దాయన కాగితము, పెన్ను తెచ్చెను. సాంచాల ధర, మరమ్మతు, అప్పు మీద తెచ్చు నూలు, కరెంటు బిల్లు, వడ్డీ, సేటు డబ్బు ఆలస్యము చేయు వారములు, అన్నియు వ్రాసితిమి. బావమరిదిని కూడ పిలిపించితిమి. మొదట దూరముగా కూర్చుండెను. వడ్డీ లెక్క తప్పినప్పుడు ఉండబట్టలేక దగ్గరకు వచ్చి దిద్దెను. రెండు సాంచాలకు లెక్క కుదరలేదు. ఒకటి కొనుటయా, మరియొక ఏడాది కూలికే నడుచుటయా అనునది సహోదరుడు ఇంకను తేల్చుకొనలేదు. బావమరిది మాత్రము జామీను మాట వెనుకకు తీసికొనలేదు.

ఈ డిసెంబరు 31 రాత్రి కార్డులు పంచకుండ, 90వ కీర్తన అందరము కలిసి చదువుటకు నిశ్చయించితిమి. కొందరికి ఇది నచ్చలేదు. ముసలి తల్లులు మరి ఎక్కువగా నొచ్చుకొనిరి. కార్డుల పెట్టె ఇంకను వేదిక ప్రక్క బీరువాలోనే ఉన్నది. ఆ కార్డులతో పిల్లలచేత వచనములు కంఠస్థము చేయించవచ్చునా అని సండే స్కూలు టీచర్లు అడుగుచున్నారు. మీ సంఘములలో ఏమి చేయుచున్నారో దయచేసి మాకు వ్రాయుడి.