గంప కింద న్యాయం

కోడిగుడ్డు చేతిలో పట్టుకుని ధర్మసందేహంలో పడిన ఆడది ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి వుంటాను. నవ్వకండి. గుడ్డు పగలగొట్టి పెనంమీద వెయ్యడానికి అరనిమిషం చాలు, అందులో ధర్మాధర్మ విచారణకి చోటెక్కడుందీ అంటారు మావారు. నిజమే. పెనంమీద వేసే గుడ్డుతో నాకెప్పుడూ పేచీ లేదు. వచ్చిన పేచీ అంతా పొదగవేసిన గుడ్డుతోనే.

మాది తణుకు దగ్గర పల్లె. పెరట్లో అయిదు పెట్టలూ, ఒక పుంజూ వున్నాయి. కోళ్ళు మా అత్తగారివి, చాకిరీ నాది. గింజలు చల్లేదీ, గూడు ఊడ్చేదీ నేను. ఏ పెట్ట ఎప్పుడు పొదుగుకొస్తుందో, దానికింద ఎన్ని గుడ్లు పెట్టాలో చెప్పేది ఆవిడ.

పోయిన పుష్యమాసంలో నల్లపెట్ట పొదుగుకొచ్చింది. ఈకలు ఉబ్బించుకుని, చెయ్యి దగ్గరకు తీసుకెళితే కుర్రుమంటూ, గూట్లోంచి లేవనని భీష్మించుకు కూచుంది. ఇది ఇలా కూచుంటుందని ముందే కనిపెట్టిన అత్తగారు, వారంరోజులనుంచీ గుడ్లు దాస్తూ వచ్చారు.

గుడ్లు దాచడం అంటే డబ్బు దాచినట్టు కాదండీ. దానికో శాస్త్రం వుంది. సామాన్లగదిలో చల్లటి మూల ఒక కుండ, అందులో వరి ఊక. గుడ్డు సన్నటి కొస కిందికి, లావుపాటి వైపు పైకి వుండాలి. పిల్ల తొలి ఊపిరి తీసుకునే గాలి ఆ లావుపాటి వైపునే వుంటుంది మరి. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను శుభ్రంగా వుంటుంది గదా అని గుడ్లన్నీ కుళాయికింద కడిగి, తుడిచి, వరసగా పేర్చాను. అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. గుడ్డు బయటికొచ్చేటప్పుడు పెంకుకి సన్నటి పొర ఒకటి అంటి వస్తుంది. సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా కాపలా కాసేది అదే. నా శుభ్రత దాన్ని కాస్తా ఊడ్చిపెట్టింది. ఫ్రిజ్‌లో పెట్టడమూ పనికిరాదు, మరీ చలి. 15 నుంచి 18 డిగ్రీల సెంటీగ్రేడు మేలు. అలా వుంచినా వారంలోపు పొదగవేస్తేనే మంచిది. పదిరోజులు దాటినకొద్దీ పిల్ల అయ్యే ఆశ తగ్గిపోతూ వుంటుంది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. పుంజు తోడున్న పెట్ట పెట్టిన గుడ్డు వట్టి వస్తువు కాదు. అది బయటపడేసరికే లోపల వేలకొద్దీ కణాలు ఏర్పడి వుంటాయి. చల్లబడగానే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. అది చావు కాదు, నిద్ర. మళ్ళీ తల్లి కడుపు వెచ్చదనం తగిలిన రోజునుంచి లెక్క మొదలు. అక్కణ్ణించి ఇరవైఒక్క రోజులు.

తనంతట తాను గుడ్లు పెట్టుకునే కోడిని చూడండి. పెట్టిన గుడ్డుమీద పెట్టినట్టే కూచోదు. పది పన్నెండు గుడ్లు పోగయ్యేదాకా గుడ్డు పెట్టడం, దిగి తన దారిన తాను పోవడం. మొదటి గుడ్డు చివరి గుడ్డుకోసం పదిరోజులపైన అలా నిద్రలో వేచి వుంటుంది. ఎందుకూ? అందరూ ఒక్కసారే మేలుకోవాలి గనక. ముందొచ్చినవాళ్ళని ఆపి, వెనకొచ్చినవాళ్ళని కలుపుకుని, ఒకేసారి బయలుదేరదీస్తుంది. ఇంతకంటే సమన్యాయం మన ఇళ్ళల్లో మాత్రం ఎక్కడుంది చెప్పండి!

ఆ న్యాయాన్ని పాడుచేసింది నేను.

అత్తగారు తొమ్మిది గుడ్లు పెట్టి, నల్లపెట్టని కూచోబెట్టి, ఆడపడుచుగారింటికి వెళ్ళారు. మాకున్న పెట్టల్లో రెండు గ్రామప్రియ రకం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటికోసం తయారుచేసిన జాతి అది. గుడ్లు బాగా పెడతాయి గానీ పొదగడం వాటి ఒంటికి పడదు. ఆ పని నాటుకోడి నెత్తిన వెయ్యాల్సిందే. సరిగ్గా అయిదోరోజుకి ఆ గ్రామప్రియలవి నిగనిగలాడే గుడ్లు మూడు నా చేతికొచ్చాయి. నల్లపెట్ట రెక్కలకింద ఇంకా చోటుంది. తొమ్మిందిటిని కాచేది పన్నెండింటిని కాయలేదా అనిపించింది. ఆశ అనండి, తెలివితక్కువతనం అనండి, ఆ మూడూ దానికిందకు తోసేశాను.

ఏడోరోజుకి అత్తగారు తిరిగొచ్చారు. చీకటిపడ్డాక గుడ్లు దీపానికి పట్టి చూడటం మొదలుపెట్టాం. ఇప్పుడు దీపం కాదు లెండి, టార్చిలైటు. పిడికిట్లో గుడ్డు పెట్టి వెనకనుంచి వెలుగు వేస్తే లోపల ఎర్రటి సన్నటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. గ్రీసు దేశంలో అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళకి పూర్వమే రోజురోజుకీ గుడ్డులో ఏం జరుగుతుందో గమనించి, మూడురోజులయ్యాక గుండె ఒక నెత్తుటిచుక్కలా కొట్టుకుంటుందని రాసిపెట్టాడు. తొమ్మిదిలో ఒకటి ఖాళీగా వుంది. అత్తగారు పక్కన పెట్టేశారు. ఆ తరవాత నా మూడు గుడ్లూ వంతుకొచ్చాయి.

"ఇవీ ఖాళీయే. తీసెయ్యి," అన్నారు.

రెండురోజుల గుడ్లలో ఏం కనిపిస్తుంది? నోరు మూసుకుని వూరుకుంటే గొడవ అక్కడితో తీరిపోయేది. కానీ నేను చేసిన పని చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు.

"అయితే ఇప్పుడే తీసెయ్యి అమ్మాయ్. ఇవాళ గుడ్డు. ఇంకో పదిరోజులు పోతే పిల్ల. అప్పుడు తియ్యడం నీవల్ల కాదు," అన్నారు.

తప్పు దిద్దుకోడానికి చవకైన రోజంటూ ఒకటుంటుంది. అది దాటితే ధర పెరిగిపోతుంది. ఆ రోజు నా ముందుకొచ్చి నుంచుంది. నేను తియ్యలేదు. "పాపం అత్తయ్యా, వుండనివ్వండి," అన్నాను. దాన్ని దయ అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే అది పిరికితనమేమో అనిపిస్తుంది. ఇవాళ చెయ్యాల్సిన కష్టమైన పనిని రేపటికి తోసెయ్యడానికి మనం దయ అని పేరు పెట్టుకుంటాం గదా, చాలాసార్లు!

ఇరవైఒకటోరోజున ఎనిమిదింట్లో ఏడు పిల్లలయ్యాయి. నల్లపెట్ట ఇంకో రెండురోజులు గుడ్లమీదనుంచి కదల్లేదు. పిల్ల పెంకు పగలగొట్టుకు వచ్చేముందు పచ్చసొనలో మిగిలిందంతా కడుపులోకి లాక్కుంటుంది. అందుకని రెండుమూడు రోజులు తిండి లేకపోయినా వుండగలదు. వెనకబడినవాళ్ళకోసం తల్లి ఆగగలిగే గడువు కూడా అంతే. ఇరవైమూడోరోజు పొద్దున్న అది లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏడింటినీ పిలుచుకుంటూ పెంటకుప్ప వైపు వెళ్ళిపోయింది. గూట్లో నాలుగు గుడ్లు. ఇంకా వెచ్చగానే వున్నాయి.

దీపానికి పట్టి చూశాను. ఒకదాంట్లో కదలిక లేదు. మిగిలిన మూడూ పద్ధెనిమిది రోజులవి. గాలిగది అంచున నల్లటి నీడ మెదులుతోంది.

నాకు కోడిమీద ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం తల్లే నువ్వు!" అని తిట్టాను కూడా. అత్తగారు బియ్యం ఏరుకుంటూ, "దాన్నంటావేం? అది ఏడింటికి తల్లి. వాటికి ఆకలేస్తోంది. లేచి వెళ్ళింది. ఆ మూడింటినీ నడిమధ్య నిద్రలేపింది నువ్వు. నువ్వే చూసుకో," అన్నారు.

అట్టపెట్టె తెచ్చి లోపల గుడ్డలు పరిచాను. ఇంట్లో దీపాలన్నీ ఎల్‌ఇడీలే, వాటికి వేడెక్కడిది? అటకమీద వెతికితే పాతకాలపు నలభై వాట్ల బల్బు ఒకటి దొరికింది. చిన్న గిన్నెతో నీళ్ళు, జ్వరం చూసే థర్మామీటరు. వంద డిగ్రీల ఫారెన్‌హీటుకి అటూ ఇటూగా వుంచాలి. చివరి మూడురోజులు గుడ్లు తిప్పకూడదు, తేమ మాత్రం పెంచాలి. ఈజిప్టులో మట్టి పొయ్యిళ్ళలాంటి గదుల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించే పనివాళ్ళు, వేడి సరిపోయిందో లేదో గుడ్డుని కనురెప్పకి ఆనించి చెప్పేవారట. నేనూ ఆనించి చూశాను. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా వుంది. మూడురాత్రులు రెండేసి గంటలకి అలారం పెట్టుకు లేచాను. మా పిల్లలు చంటివాళ్ళుగా వున్నప్పుడు కూడా నువ్వింత నిద్రమానుకోలేదు అని మావారి వ్యాఖ్యానం.

ఒకటి పెంకు పగలకుండానే పోయింది. రెండోది చిన్న బెజ్జం చేసి, ముక్కు బయటపెట్టి, ఆగిపోయింది. సాయం చేద్దామని నా గోళ్ళు ఒకటే ఆరాటపడ్డాయి. "ముట్టుకోకు. లోపల పొరలో నెత్తురు ఇంకా ఇంకలేదు. వలిస్తే కారి చస్తుంది," అన్నారు అత్తగారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెల్లారేసరికి అది చచ్చిపోయి వుంది. వలిచి వుంటే బతికేదా? ఏమో. ఆపిన చెయ్యి సరైనదే అని బుద్ధి ఒప్పుకుంటుంది. మనసు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

మూడోది వచ్చింది. గోధుమరంగు ముద్ద. చీకటిపడ్డాక మెల్లిగా నల్లపెట్ట రెక్కకిందకి దూర్చాను. చీకట్లో తల్లి లెక్కపెట్టదు గదా, కలుపుకుంది. తెల్లవారగానే అసలు చిక్కు మొదలైంది. తక్కిన ఏడూ దీనికంటే అయిదురోజులు పెద్దవి. తల్లివెంట పరుగులు పెడుతున్నాయి. ఇది నాలుగడుగులు వేసి కూలబడి కియ్యోమంటోంది. తల్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ముందుకే నడిచింది.

నేను వెళ్ళి పెద్దగంప తెచ్చి తల్లినీ, ఎనిమిది పిల్లల్నీ దానికింద మూసేశాను. నూకలు చల్లాను, పళ్ళెంలో నీళ్ళు పెట్టాను. నాలుగురోజులు అలాగే వుంచాను. ఏడు పిల్లలూ గంపసందుల్లోంచి ముక్కులు బయటపెట్టి గోలచేశాయి.

"ఒక్కదానికోసం ఏడింటిని జైల్లో పెట్టావు. ఇదేం న్యాయం?" అన్నారు మావారు.

ఆ నాలుగురోజులూ నేను ఆలోచించింది ఈ ప్రశ్న గురించే. ఒక్కడికోసం నలభైమందిని ఆపలేం అని బళ్ళో పంతులమ్మలు అంటారు. ఒక్క కోడలికోసం ఇంటి పద్ధతి మార్చలేం అని పెద్దవాళ్ళంటారు. అన్నంతిని చెయ్యి కడుక్కోవడంలో వెనకబడ్డ పిల్లాణ్ణి "నీకోసం ఎంతసేపాగాలిరా!" అని నేనూ కసురుతాను. ఈ మాటలన్నీ నల్లపెట్ట మాటల్లాగే వుంటాయి. కానీ వాటికీ, నల్లపెట్ట పనికీ ఒక తేడా వుంది. అది ఆగితే ఏడు పిల్లలూ ఆకలికి చస్తాయి. వెళితే మూడు గుడ్లు చల్లబడతాయి. దానికున్నవి ఆ రెండు దారులే. అందులో తక్కువ నష్టమున్న దారి అది పట్టింది. దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాకో? నాకు గంప వుంది. నూకలున్నాయి. బల్బు వుంది. నేను ఆపితే ఏడింటికీ పోయేదల్లా నాలుగురోజుల షికారు. ఆపకపోతే ఒకదానికి పోయేది ప్రాణం. గంప లేనివాళ్ళు చెప్పాల్సిన మాటని గంప వున్నవాళ్ళు చెప్పకూడదేమో! నావల్ల కాదు అనేముందు నా పెరట్లో గంప ఏమైనా బోర్లించి వుందా అని ఒకసారి చూసుకోవాలేమో!

ఇదంతా నన్ను నేను మెచ్చుకోడానికి చెప్పడం లేదు. ఒకటి బతికింది నిజమే, రెండు చచ్చాయి. ఏడోరోజున అత్తగారి మాట విని వుంటే ఆ రెండూ నిద్రలోనే వుండిపోయేవి. ఆ ఒకటీ వుండేది కాదు. ఈ లెక్క ఎటు తేల్చాలో నాకింకా తెలీదు.

ఈమధ్య నల్లపెట్ట మళ్ళీ పొదుగుకొచ్చింది. ఈసారి ప్రతిగుడ్డుమీదా పెన్సిలుతో తేదీ రాశాను. తొమ్మిది లెక్కపెట్టి ఒక్కసారే పెట్టాను. మర్నాడు గ్రామప్రియ ఇంకోటి పెట్టింది. చక్కటి గుడ్డు, అరచేతిలో వెచ్చగా వుంది. గూటిదాకా తీసుకెళ్ళాను కూడా. అత్తగారు అరుగుమీదనుంచి చూస్తున్నారు గానీ ఏమీ అనలేదు.

వెనక్కి తిరిగొచ్చి పెనం పెట్టాను. ఉల్లిపాయా, పచ్చిమిరపకాయా తరిగి మావారికి ఆమ్లెట్టు వేశాను. నిద్రలేపని గుడ్డుకి నేనేమీ బాకీ లేను.