నిలిపిన కారు, అపరిగ్రహం

నెల్లూరు తీరంలో ఉండేవారు విమానం ఎక్కాలంటే రేణిగుంటకో, సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకో పోవాలి. దగదర్తి విమానాశ్రయం ఇంకా అందుబాటులోకి రాలేదు. సొంత కారులో వెళ్తే పార్కింగ్ రుసుము రోజురోజుకీ పెరుగుతుంది. టాక్సీకైతే వెళ్లిన ఊళ్లో ఎన్నాళ్లున్నా ఒకటే ఖర్చు, కాకపోతే అది ఖాళీగా తిరిగివచ్చే దూరానికీ మనమే కట్టాలి. అందుకే రెండు రోజుల పనికి కారు, నెల రోజుల ప్రయాణానికి టాక్సీ చవకవుతాయి. డబ్బు లెక్క ఇంతే. ధర్మం లెక్క వేరు: పార్కింగ్ రుసుము మనకూ ఇతరులకూ ఉపయోగపడకుండా నిలిచి ఉన్న వస్తువు కోసం కట్టేది. టాక్సీ కిరాయి ఒక మనిషి శ్రమకు చెల్లించేది. ఇక్కడే అపరిగ్రహం, అంటే అవసరానికి మించి వస్తువులను ఉంచుకోకపోవడం, గుర్తుకొస్తుంది. పతంజలి యమాలలో చేర్చిన ఈ నియమాన్నే గాంధీ ఆశ్రమ వ్రతంగా స్వీకరించారు. 1921 ఏప్రిల్ 7న నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ తీరాన ఆశ్రమాన్ని ప్రారంభించిందీ ఆయనే.

టాక్సీయే మేలనే ఈ ధర్మం లెక్కకు బలమైన ఆక్షేపణ ఉంది. దించడానికొకసారి, తీసుకురావడానికొకసారి వచ్చే టాక్సీ మొత్తం 720 కిలోమీటర్లు తిరుగుతుంది, సొంత కారు 360 మాత్రమే. ఇంధనం వృథా కావడం కూడా హింసే కదా? నిజమే. అందుకే అపరిగ్రహం టాక్సీ దగ్గర ఆగదు. చెన్నై సెంట్రల్ దాకా రైలు, అక్కడినుంచి విమానాశ్రయానికి మెట్రో ఉన్నాయి. అయితే వృద్ధులను అర్ధరాత్రి తీసుకెళ్లేవారికి సొంత కారే కరుణ. వస్తువు ఉండటం దోషం కాదు. అది మన అవసరాన్ని దాటి మన నిర్ణయాలను శాసించడమే దోషం.