సహనం పేరుతో మౌనం వద్దు



భర్త దెబ్బలకు తాళలేక పుట్టింటికి చేరిన ఆడబిడ్డకు మన ఇళ్ళలో తరచూ వినిపించే మాట "సబ్ర్ కరో బేటీ" అన్నదే. సబ్ర్ గొప్ప సుగుణం, సందేహం లేదు. కాని జుల్మ్‌ను నోరు మూసుకొని భరించడమే సబ్ర్ అని ఇస్లాం ఎక్కడా బోధించలేదు.

హజ్రత్ ఖౌలా బిన్తె సాలబా (రజి) తన భర్త విషయమై దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)తో మొరపెట్టుకున్నారు. ఆ మొరను అల్లాహ్ ఆలకించాడని తెలుపుతూ దివ్య ఖుర్ఆన్‌లో 'ముజాదలా' సూరా ప్రారంభమవుతుంది. సృష్టికర్తే విన్న స్త్రీ గోడును వినకుండా తోసిపుచ్చడానికి మనమెవరం?

హజ్రత్ హబీబా బిన్తె సహల్ (రజి) ఉదంతం కూడా గమనించండి. భర్త కొట్టి గాయపరచగా ఆమె ఫజ్ర్ నమాజు తర్వాత ప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఆయన ఆమెను ఓర్చుకోమని తిప్పి పంపలేదు. భర్తను పిలిపించి, మహర్‌గా ఇచ్చిన తోటలను తిరిగి తీసుకొని ఆమెను విడిచిపెట్టమన్నారు. ఇది అబూదావూద్ హదీసు. ప్రవక్త (స) ఏనాడూ ఏ స్త్రీపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

ఈనాడు 'కౌన్సెలింగ్' అంటున్న దానికి పునాది వినడమే. దెబ్బలు తిన్న స్త్రీ తప్పు తనదేనేమోనని కుమిలిపోతుంది. నిద్ర పట్టదు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతుంది. మంచి సలహాదారు ఆమె మాట నమ్ముతాడు, తప్పు ఆమెది కాదని చెబుతాడు. నికానామా, ఆధార్, రేషన్ కార్డు ఎక్కడ భద్రపరచుకోవాలో, ఆపద వస్తే ఎవరింటికి వెళ్ళాలో ఆమెతో కలిసి ఆలోచిస్తాడు. నిర్ణయం మాత్రం ఆమెకే వదులుతాడు. సలహా అడగబడినవాడు అమానత్‌దారు అన్నది ప్రవక్త (స) బోధ. కాబట్టి ఆమె గుట్టు బజారుకెక్కించడం ఖియానత్.

నిసా సూరా 35వ ఆయత్ ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమంటుంది. అంటే ఆమె తరఫున మాట్లాడే మనిషి తప్పక ఉండాలి. భర్త ఎదుట భయంతో వణికే స్త్రీని కూర్చోబెట్టి "సర్దుకుపో" అని తీర్పు చెప్పడం సులహ్ కాదు. గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలవుతోంది. దాని నియమాల ప్రకారం కౌన్సెలింగ్‌లో భర్త తన హింసను సమర్థించుకోరాదు. మళ్ళీ అలా చేయనన్న హామీ రాబట్టడమే అక్కడి లక్ష్యం. మన జమాత్ పెద్దలూ ఈ పద్ధతి పాటిస్తే ఎంత బాగుంటుంది!

అమరాపురం వంటి సరిహద్దు మండలం నుండి ఒంటరి స్త్రీ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాకా వెళ్ళడం తేలిక కాదు. అయితే ఫోను ఉంది. 181 మహిళా సహాయవాణి. మనోవేదనకు 14416, ప్రాణాపాయంలో 112. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ద్వారా ఉంది. ఈ నంబర్లను మస్జిద్ నోటీసు బోర్డుపై రాయించండి, జుమా ప్రసంగంలో వినిపించండి.

తల్లిదండ్రులారా! కూతురు తలుపు తడితే "లోకం ఏమంటుందో" అనకండి. ముందు తలుపు తీయండి. సోదరులారా! జాలిమ్ చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమని మన ప్రవక్త (స) నేర్పారు.

అల్లాహ్ మన ఇళ్ళను ప్రేమ, కారుణ్యాలతో నింపుగాక! ఆమీన్.