దస్తూరి ఎవరిది? సాక్ష్యము ఎవరిది?



ఒక సంగతి మీతో చెప్పుకొనవలెనని చాలా రోజులుగా అనుకొనుచున్నాము. ఇతరుల తప్పును గూర్చి వ్రాయుట సులువు. మా తప్పును గూర్చి వ్రాయుటకు చేయి రాలేదు. ఇప్పుడు ప్రార్థన చేసికొని వ్రాయుచున్నాము.

మనలో చాలామంది పెద్దలు ఒంగోలు, నెల్లూరు ప్రాంతములనుండి వచ్చి, 1953లో తుంగభద్ర నీరు పారిన తరువాత ఈ ఆయకట్టు క్యాంపులలో స్థిరపడినవారు. పిల్లలు చదువులకు, ఉద్యోగములకు బెంగుళూరు, హైదరాబాదు, ఇంకా దూరదేశములు చేరారు. అందరము ఒక్కచోట కూడుకొనలేము గనుక ఇప్పుడు వాక్యచర్చ వాట్సాప్‌లో జరుగుచున్నది. ఒకరు ప్రశ్న వేస్తారు, పదిమంది జవాబు వ్రాస్తారు. ఇది మంచిదే, దేవునికి స్తోత్రము.

ఒక రాత్రి మన సహోదరి ఒకామె ఒక ప్రశ్న పెట్టింది. ఎనిమిదేండ్ల ఆమె కూతురు జ్వరముతో చనిపోయి అప్పటికి పది దినములు. "బాప్తిస్మము తీసుకొనే వయసు రాకముందే పోయిన మా పాప ఎక్కడ ఉంది? మా అత్తగారి తరఫువాళ్లు ఏవేవో అంటున్నారు. పెద్దలు చెప్పండి" అని వ్రాసింది.

సంఘపెద్దలము గనుక జవాబు మేమే ఇవ్వవలెను. ఆ రాత్రి అలసిపోయి ఉన్నాము. మా మనుమడు మా ఫోనులో కృత్రిమ మేధ యాప్ ఒకటి పెట్టి ఉంచాడు. దానిని అడిగాము. గుక్కెడు నీళ్లు త్రాగినంతలో అది పూర్తి జవాబు ఇచ్చింది. దావీదు బిడ్డ చనిపోయిన సంగతి, ప్రభువు చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకొన్న సంగతి, చక్కని తెలుగులో, వరుసగా ఉన్నవి. రెండు మాటలు మార్చి, క్రింద మా పేరు పెట్టి పంపించాము. తెల్లవారేసరికి ముప్పది మంది "ఆమేన్" అన్నారు. "మాస్టారు ఆత్మపూర్ణులై వ్రాశారు" అని ఒకరు వ్రాశారు. కాదని మేము అనలేదు.

ఆదరణ కూడికకు వాళ్ల ఇంటికి వెళ్లాము. ఆ జవాబును ఆమె ఒక కాగితము మీద తన చేతితో ఎత్తి వ్రాసికొని బైబిలులో పెట్టుకొన్నది. భోజనములైన తరువాత మా దగ్గరకు వచ్చి అడిగింది: "మాస్టారూ, ఇది రాసేటప్పుడు మా పాప మీకు గుర్తొచ్చిందా? సండే స్కూలుకు మీ వేలు పట్టుకొనే వచ్చేది గదా."

మేము జవాబు చెప్పలేకపోయాము. వ్రాసినదానికి ఆ పాప ఎవరో తెలియదు. తెలిసిన మేము ఆ రాత్రి ఆ పాపను తలచుకొననేలేదు. చివరకు, "అమ్మా, ఆ మాటలు మావి కావు, యంత్రము రాసినవి. మేము పేరు పెట్టుకొన్నాము" అన్నాము.

ఆమె కోపపడలేదు. "మాటలు నిజమే గదా మాస్టారూ. కాని నా కోసరం ఎవరో ఒకరు కూర్చొని రాశారనుకొన్నాను" అన్నది.

ప్రియులారా, ఆ మాట మమ్మును విడువలేదు. మేము చేసిన తప్పు ఏది? చెప్పిన సత్యము వాక్యములో ఉన్నదే. ఆమెకు కొంత ఓదార్పు కూడ కలిగింది. అయినను మా మనస్సాక్షి ఎందుకు గద్దించినది?

మొదటిగా, సహాయము తీసుకొనుట తప్పు కాదు. మేము ట్రైనింగు ముగించి బడిపంతులుగా ఈ ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో, క్యాంపులలోని కూలీలకు, చదువురాని తల్లులకు ఉత్తరములు వ్రాసిపెట్టేవారము. వాళ్లు చెప్పుచుండగా మేము వ్రాసేవాళ్లము. మాట వాళ్లది, దస్తూరి మాది. ఆ సంగతి వ్రాయించుకొన్నవారికి తెలుసు, ఊరిలో చదివించుకొనేవారికి తెలుసు. ప్రోనోటు చూడండి. అప్పు తీసికొన్నవాని చేవ్రాలు ఒకచోట, సాక్షుల సంతకములు ఒకచోట, వ్రాసినవాని పేరు ఇంకొకచోట ఉంటుంది. ఎవరి పని ఏదో కాగితమే చెప్పును. మన తాతలు డబ్బు విషయములో ఇంత జాగ్రత్తపడ్డారు. ఆత్మల విషయములో మనము పడనవసరము లేదా?

పరిశుద్ధ గ్రంథములోను ఇదే పద్ధతి. రోమీయులకు పౌలు చెప్పుచుండగా పత్రికను వ్రాసినవాడు తెర్తియు. అతడు దాగియుండలేదు. 16వ అధ్యాయము 22వ వచనములో తన పేరు చెప్పి తానును వందనము చేసెను. యిర్మీయా 36వ అధ్యాయము ఇంకా స్పష్టము. బారూకు గ్రంథపుచుట్టను చదివినప్పుడు అధిపతులు భయపడి, ఈ మాటలన్నిటిని నీవు ఎట్లు వ్రాసితివని అడిగిరి. బారూకు తడబడలేదు. ప్రవక్త నోటనుండి వచ్చిన మాటలను తాను సిరాతో వ్రాసితినని ఉన్నదున్నట్టు చెప్పెను. ఆ ప్రశ్నే ఆ సహోదరి మమ్మును అడిగినది. బారూకు వెంటనే చెప్పెను. మేము అడిగినదాక చెప్పలేదు.

రెండవదిగా, ఆ యంత్రము ఏమిటో గ్రహించవలెను. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ అనునది ప్రజల చేతికి వచ్చింది. తరువాత అటువంటివి అనేకములు వచ్చినవి. మనుష్యులు వ్రాసిన లెక్కలేనంత వ్రాతను వాటికి మేపి, ఒక మాట తరువాత ఏ మాట రావచ్చునో లెక్కకట్టుట నేర్పించారు. అది దయ్యము కాదు, ప్రవక్త కాదు. చాల పనులకు ఉపయోగపడే పనిముట్టు. అయితే నిజము తెలియనప్పుడు కూడ అది నిజమువలెనే పలుకును. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అది కల్పించి ఇచ్చిన తీర్పులను కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానాకు గురి అయ్యారు. ఇంటికి వచ్చి మా జవాబును బైబిలు తెరచి సరిచూచితిమి. ఇచ్చిన నాలుగు రిఫరెన్సులలో ఒకటి ఆ అధ్యాయములో లేనేలేదు. ముప్పది ఆమేన్‌లలో ఎవరును తెరచి చూడలేదు, మేమును చూడలేదు. బెరయవారు పౌలు మాటలనే లేఖనములతో పరిశోధించిరి. మనము యంత్రము మాటలను పరిశోధించలేదు.

మూడవదియు ముఖ్యమైనదియు ఇది. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో అననీయ సప్పీరాల పొలము వారిదే. అమ్మిన తరువాత వెలయు వారి వశములోనే ఉండెనని పేతురు చెప్పెను. కొంత దాచుకొనుట నేరము కాలేదు. కొంత తెచ్చి, ఇదే అంతయు అని కనబరచుటలో అబద్ధమున్నది. మా తప్పు ఆ జాతిదే. యంత్రమును అడుగుట మా వశములోని పని. దానిని మా ప్రార్థనా ఫలముగా, మా కన్నీటి ఫలముగా సంఘము ఎదుట పెట్టుట అబద్ధము.

బాప్టిస్టులమైన మనకు ఈ సంగతి ఇతరులకంటె బాగుగా తెలిసియుండవలెను. మనము చంటిబిడ్డలకు బాప్తిస్మము ఎందుకు ఇవ్వము? ఒకరి బదులు ఇంకొకరు విశ్వసించలేరు, ఒకరి నోట ఇంకొకరు ఒప్పుకొనలేరు అని గదా. తల్లిదండ్రుల నోటినైనను బిడ్డ సాక్ష్యమునకు బదులుగా మనము అంగీకరించము. అట్టివారము, తల్లియు కాని తండ్రియు కాని ఒక యంత్రపు నోటిని మన సాక్ష్యమునకు బదులుగా ఎట్లు అంగీకరించగలము?

మన పితరుల చరిత్ర జ్ఞాపకము చేసికొనుడి. 1876 నుండి 1878 వరకు ధాత కరువు దక్షిణదేశమును దహించినది. మన బళ్లారియు ఘోరముగా దెబ్బతిన్నది. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. వేలమంది బాప్తిస్మము కోరుచు వచ్చిరి. అయినను కూలి డబ్బులు, కరువు సహాయము చేతులు మారుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. ఒప్పుకొనే మాట ఆకలిది కాక హృదయముది కావలెనని ఆగారు. సహాయము ఆగిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ సంఖ్యకు విలువ ఇచ్చినది దానికి ముందున్న నిరీక్షణ. ఈ మాట నీదేనా అని అడిగిన సంఘమునుండి వచ్చినవారము మనము.

ఇక్కడ మన యౌవనస్థులు ఒక మాట అడిగారు, అది న్యాయమైనదే. "మేము కన్నడ మీడియములో చదివినవాళ్లము. ఇంట్లో తెలుగు మాట్లాడుతాము గాని రాయడం రాదు. మనసులో ఉన్నది చెప్పి, తెలుగు సరిచేయమంటే తప్పా?" తప్పు కాదు, తమ్ముళ్లారా. అది మేము కూలీలకు ఉత్తరము వ్రాసిపెట్టినట్టిదే. మాట మీది, దస్తూరి దానిది. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పండి, చాలును. సిగ్గుపడవద్దు. మోషేయే తన నోటిమాంద్యమును దాచుకొనలేదు.

ఇంకొకరు, "సత్యము ఎవరు చెప్పినా సత్యమే గదా, పేరుతో పనియేమి?" అన్నారు. లెక్కల పుస్తకమునకు అది సరిపోవును. సాక్ష్యమునకు సరిపోదు. ప్రభువు నన్ను నా దుఃఖములో ఆదుకొనెను అని ఒకరు చెప్పినప్పుడు, చెప్పే మనిషే ఆ మాటకు జామీను. మనిషిని తీసివేస్తే మాట మిగులును గాని జామీను మిగలదు. వేసవిలో మన హగరి ఇసుకలో చెలమ త్రవ్వుకొని నీళ్లు తెచ్చుకొన్న రోజులు పెద్దలకు తెలుసు. ట్యాంకరు నీళ్లును దాహము తీర్చును. ట్యాంకరు నీళ్లు బిందెతో పోసి, నీ కోసరము చెలమ త్రవ్వి తెచ్చితిమని చెప్పరాదు.

ఇతర సంఘములవారును ఈ విషయమును ఆలోచించుచున్నారు. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్ పట్టణములో, చాలమట్టుకు చాట్ జీపీటీ వ్రాసిన ఆరాధన ఒకటి జరిగినది. మూడు వందలకు పైగా కూడివచ్చిరి. ఆ ఆరాధనను మేము మెచ్చుకొనము, కాని యంత్రము వ్రాసినదని ముందే చెప్పారు గనుక అక్కడ ఎవరును మోసపోలేదు. అదే నెలలో అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ న్యూ ఆర్లియన్స్‌లో కూడి, ఈ పనిముట్లను నిజాయితీగా, దాపరికము లేకుండ, క్రీస్తుకు తగినట్టుగా వాడవలెనని తీర్మానించినది. మన తండ్రులయొద్దకు మిషనరీలను పంపినది ఆ శాఖ కాకపోయినను, ఆ తీర్మానము మనకును తగినదే.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. మా ఒప్పుకోలు తరువాత కొందరు ప్రతివారిని అనుమానించసాగారు. కీర్తనల పుస్తకము కంఠస్థముగా వచ్చిన ఒక వృద్ధ సహోదరుడు చక్కగా వ్రాస్తే, "ఇదీ యంత్రమేనా?" అని అడిగారు. ఆయన నొచ్చుకొని మరి వ్రాయుట మానుకొన్నారు. ప్రియులారా, నిజాయితీని మొదట మన ఇంటిలో వెదకవలెను గాని పొరుగువాని ఇంటిలో కాదు. చక్కని తెలుగు నేరమునకు రుజువు కాదు.

మా సంఘపు పెద్దలము కూర్చొని మూడు మాటలు అనుకొన్నాము. మీరును ఆలోచించండి. ఒకటి, చర్చలో యంత్రము సహాయము తీసికొంటే ఆ మాట అక్కడే చెప్పవలెను. రెండు, అది ఇచ్చిన ప్రతి వచనమును బైబిలు తెరచి చూచిన తరువాతనే పంపవలెను. మూడు, దుఃఖములో ఉన్నవారికి ఆదరణ, ప్రార్థన, సాక్ష్యము, గద్దింపు, ఈ నాలుగు మాత్రము మాట తప్పినను, అక్షరము తప్పినను మనమే వ్రాయవలెను. వ్రాయలేకపోతే ఫోను చేయవలెను. అదియు చేతకాకపోతే వెళ్లి ప్రక్కన కూర్చొనవలెను. యోబు స్నేహితులు నోరు తెరచి చెడగొట్టిరి గాని, మొదటి ఏడు దినములు ఊరక కూర్చొని మేలే చేసిరి.

ఆ సహోదరికి మేము మరల ఒక ఉత్తరము వ్రాశాము, కలముతో, కాగితము మీద. ఒక పేజీ వ్రాయుటకు మూడు రాత్రులు పట్టింది. కొట్టివేతలు చాల ఉన్నవి. పాప ఎక్కడ ఉన్నదో మేము కొత్తగా చెప్పినదేమియు లేదు. ప్రభువు చేతిలో ఉన్నదని నమ్ముచున్నామని వ్రాశాము. సండే స్కూలుకు వచ్చేటప్పుడు మా వేలు పట్టుకొని ఎడమ ప్రక్కనే నడిచేదని, ఇప్పటికిని ఆ దారిలో మా ఎడమచేయి ఖాళీగా ఉన్నట్టు తోచునని వ్రాశాము. క్రింద సంతకము చేశాము.

తరువాతి ఆదివారము ఆమె బైబిలు తెరచినప్పుడు చూచాము. మొదటి కాగితము అలాగే ఉన్నది. దాని ప్రక్కన మా ఉత్తరమును ఉన్నది. రెండింటిని ఎందుకు ఉంచుకొన్నదో మేము అడగలేదు. ఏది ఎవరిదో మాత్రము ఇప్పుడు ఆమెకు తెలుసు.

సత్యవంతుడైన దేవుడు మన నోటిని, మన చేతిని, మన ఫోనులను కూడ కాపాడును గాక. ఆమేన్.