ఊడ దిగని నేల

అనంతపురం ఎర్రనేలల్లో శెనక్కాయ పంటకు ఒక గండం ఉంది. ముంగారు వానకు విత్తితే మొలక బాగానే వస్తుంది. నెల తిరిగేసరికి పసుప్పచ్చటి పూత. పూవు వాడాక దాని అడుగు నుంచి సన్నటి ఊడ దిగి, మట్టిలోకి దూరి, అక్కడ కాయవుతుంది. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే పైమట్టి గట్టిపడి ఊడ దిగదు. తర్వాతెప్పుడో వానొస్తే చెట్టు మళ్లీ పచ్చబడుతుంది. దారిన పోయేవాళ్లకు పంట బాగున్నట్టే. పీకి చూస్తే కాయలుండవు.

తప్పెవరిది? పూవుదా, నేలదా?

ఒక కాపురం అనుకుందాం. కొట్లాటల్లేవు, మూడో మనిషి లేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బోరెండిపోయి ఆయన బెంగళూరుకు కూలికి పోయాడు. ఆమె పిల్లల్నీ ముసలోళ్లనీ చూసుకుంటూ ఊళ్లో ఉండిపోయింది. రాత్రి ఫోను.

"తిన్నావా?"

"తిన్నా."

"వాన పడిందా?"

"లేదు."

"సరే, పెట్టేస్తా."

పరంజా మీంచి జారబోయిన సంగతి ఆమె భయపడుతుందని ఆయన చెప్పలేదు. కమ్మలు కుదవపెట్టిన సంగతి ఆయన బాధపడతాడని ఆమె చెప్పలేదు. ఇష్టం కొద్దీ దాచుకున్నవే పొరలుపొరలుగా గట్టిపడ్డాయి. పదేళ్లకు ఆయన తిరిగొస్తే, ఒకే ఇంట్లో ఇద్దరు మర్యాదస్తులు మిగిలారు.

మనకేమో తప్పు దొరికితే గానీ తోచదు. పంచాయితీలో మొదటి ప్రశ్నే అది. 1955 హిందూ వివాహ చట్టం కూడా చాలావరకు ఎదుటి మనిషి మీద ఏదో ఒకటి రుజువు చేయమనే అడిగింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి 1976 సవరణతో గానీ రాలేదు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుదీ ఊడల కథే. ఎకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. తిమ్మమ్మ భర్త చితిలో దూకిన చోటే ఆ మాను పుట్టిందంటారు. ఆమె చావు ఇన్ని తరాలు గుర్తుంది. బతికున్న రోజుల్లో ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో ఎవరికైనా గుర్తుందా?

తప్పు లేదన్నంత మాత్రాన చేయగలిగిందీ ఏమీ లేదా? వాన రైతు చేతిలో లేదు. అయినా ఊడలు దిగకముందే గుంటక తోలి నేల గుల్ల చేస్తాడు. విత్తి 45 రోజులు దాటాక మాత్రం మట్టి కదపడు, ఊడలు తెగుతాయి. కాపురంలో ఆ గడువు ఎప్పుడు దాటిందో చెప్పేదెవరు?

కమ్మలు కుదవపెట్టిన రాత్రే ఆమె చెప్పి ఉంటే ఆయన బాధపడి ఉండేవాడు. బహుశా ఆ నేలకు కావాల్సిన పదును ఆ బాధేనేమో.